చీమ కుట్టిన కర్నెలు

ముప్పది సంవత్సరములు డిగ్రీ విద్యార్థులకు బాలవ్యాకరణము బోధించి, అరసున్న మరచిన వాని సమాధానపత్రమున అరమార్కు నిర్దాక్షిణ్యముగా కోసివేసి, పదవీవిరమణానంతరము అనంతపురమున టవర్ క్లాకుకు కూతవేటు దూరములో నున్న ఒక చిన్న యింట, ఎవరి జోలికిని పోక, ఉదయము ఉగ్గాని బజ్జిని, మధ్యాహ్నము నిద్రను నమ్ముకొని కాలము గడుపుచున్న నాకు, లినక్స్ కర్నెలును దాని మూలము నుండి స్వహస్తములతో నిర్మించుకొనవలెనను దుర్బుద్ధి ఏల పుట్టినదని నన్నెరిగిన వారందరు అడుగుచున్నారు. ఆ బుద్ధి నాయంతట పుట్టినది కాదు. ఇంజనీరింగు చదువుచున్న నా మేనల్లుడు పుట్టించినాడు.

నాయొద్ద ఒక ముసలి కంప్యూటరు కలదు. దానికొక వైఫై పరికరము కొని తగిలించగా అది ఉలుకలేదు, పలుకలేదు. దీనికి కొత్త కర్నెలు కావలెనని మేనల్లుడు తేల్చినాడు. కర్నెలనగా, యంత్రమునకును మనము వాడుకొను ప్రోగ్రాములకును నడుమ కూర్చుండి, ఎవరికెంత మెమొరీ, ఎవరికెంత సమయము అని లెక్కలు చూచి పంచిపెట్టు కరణము వంటిది. మన ఊళ్లలో కరణములు 1984లో పోయిరి గాని కంప్యూటర్లలో ఆ పదవి నేటికిని చెక్కుచెదరలేదు. సిద్ధముగా దొరకునది తెచ్చి వేయరాదా అని నేనడిగితిని. వాడు నావంక జాలిగా చూచెను.

“రెడీమేడ్ ఎవురైనా ఏసుకుంటారు మామా. సోర్సు నుంచి కట్టుకుంటేనే అది మనది.”

ఈ మాట నాకు సూటిగా తగిలినది. మా నాయన కాలమున విత్తనపు శెనక్కాయలు కొనుటయన్నది ఎరుగరు. నిండు కాయలు ఏరి, మూట గట్టి, అటకపై దాచి, అదను రాగానే బుడ్డలు ఒలిచి విత్తుకొనెడివారు. పొరుగువాడు మూట అడిగిన ఇచ్చెడివారు, మరుసటి యేడు వాడు మూటకు మూటయు పైన నాలుగు దోసిళ్లును తెచ్చి పోసెడివాడు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అను అమెరికావాసి గ్నూ అను పేర ప్రకటించిన ఉద్యమమునకును, 1991లో లినస్ టోర్వాల్డ్స్ అను హెల్సింకీ విద్యార్థి ఆరంభించిన లినక్సుకును ధర్మము ఈ మూటలోనిదే: తీసుకొనుము, విత్తుకొనుము, నీ నేలకు తగినట్లు మార్చుకొనుము, పంచునపుడు మాత్రము విత్తనము దాచకుము. హైదరాబాదులో స్వేచ్ఛ అను సంస్థవారు ఈ విత్తనమునే తెలుగు నేలకు అలవాటు చేసిరి. ఇప్పుడు మా పొలములలో పాత టీఎంవీ-2 వెనుకబడి కదిరి పరిశోధనా కేంద్రమువారి కె-6 వచ్చినది, దాని తరువాత కదిరి లేపాక్షి వచ్చినది. మా జిల్లాలో వెర్షన్లకు కొదువ లేదు. కొదువయెల్ల వర్షమునకే, అది సాలుకు సగటున ఇంచుమించు 550 మిల్లీమీటర్లు.

శుభముహూర్తము చూచి మూలము దింపి విప్పితిమి. మొదటి ఆజ్ఞ ఇచ్చితినో లేదో, ‘ఫ్లెక్స్ కనబడలేదు’ అని కంప్యూటరు పలికినది. సప్తగిరి సర్కిలు నుండి మా వీధి మలుపు వరకు ఏ స్తంభము చూచినను నమస్కరించుచు నిలిచియున్న నాయకుల ఫ్లెక్సులే కనబడు అనంతపురములో ఇంతకు మించిన అబద్ధము మరియొకటి యుండదు. అది వేరు ఫ్లెక్సు, అక్షరములను పదములుగా విడగొట్టు పనిముట్టని మేనల్లుడు చెప్పి తెప్పించినాడు. వెంటనే ‘బైసన్ కనబడలేదు’ అన్నది. బైసన్ అనగా అడవిదున్న; దానికి పూర్వము ఇదే పని చేసిన పనిముట్టు పేరు యాక్, వినుటకు జడలబర్రెయే. వ్యాకరణసూత్రములను గ్రహించి వాక్యమును అన్వయించుట వీని వృత్తి. ముప్పదేండ్లు నేను చేసిన ఉద్యోగము ఒక అడవిదున్న చేయుచున్నదని ఆనాడు తెలిసికొంటిని.

ఏడు చేపల కథ వినని తెలుగు పిల్లవాడు లేడు. ఆరు చేపలు ఎండినవి, ఏడవది ఎండలేదు. ఏమే చేపా అనిన గడ్డిమోపు అడ్డమన్నది, మోపు ఆవును చూపినది, ఆవు పశులకాపరిని చూపినది, ఇట్లు ఒకరి నెత్తిన ఒకరు పెట్టుకొనుచు చివరకు చీమ దాక పోయిరి. మా జిల్లాలో చేప ఎండలేదను ప్రశ్న పుట్టదు, అసలా చేప ఎక్కడిదను ప్రశ్నయే పుట్టును గాని, కథలోని న్యాయము మాత్రము మూలము నుండి నిర్మించువాడు గోడమీద వ్రాసికొనదగినది. కర్నెలా, ఏల లేవవు? లిబెల్ఫ్ లేదు. లిబెల్ఫా, ఏల రావు? ప్యాకేజీల జాబితా పాతబడినది. ఓపెన్ ఎస్సెస్సెల్ ఉన్నదిగదా, మరల అదే లేదనుచున్నదేమని నేను విసుగుకొనగా మేనల్లుడు, “అది ఉండాది మామా, దానికి డెవ్ లేదు” అన్నాడు. గ్రంథాలయము ఉన్నది గాని అందలి పుస్తకముల పేరుల పట్టిక వేరు సంచిలో నుండుననియు, కట్టువానికి పట్టికయే ముఖ్యమనియు వాని భావము. వంటయింటి నుండి మా ఆవిడకు ఇందులో సగమే వినబడినది. “ఇంజనీరింగు చదువుతూనే దేవుడు లేడంటాండాడా వాడు?” అని ఆమె గరిటెతో బయటకు వచ్చినది.

ఇంకొకటి, ఇంకొకటి యని వాడు తెప్పించుచున్న కొలది నాకు మా పొలములో బోరు వేయించిన దినములు జ్ఞప్తికి వచ్చినవి. అరచేతిలో టెంకాయ నిలబెట్టుకొని నడచినవాడు పాయింటు పెట్టినాడు; మూడువందల అడుగుల కడ తెల్లని దుమ్ము తప్ప మరేమియు లేదు; బోరు బండివాడు చేతులు కట్టుకొని, “ఇంగో యాభై అడుగులు పోదాం సామీ, తడి తగులుతాది” అనెను. ఆ యాభైకి తరువాత మరొక యాభై. మేనల్లుడును అదే గొంతుతో, “ఇంగొక్క ప్యాకేజీ మామా, అయిపోతాది” అనుచుండెను. వీనికిని వానికిని చుట్టరికమేమైన గలదా యని సందేహించితిని, వీడు నా చుట్టమే యని వెంటనే స్ఫురించినది.

నీరు పడకమునుపే ప్రశ్నలు పడినవి. కర్నెలు తన్ను నిర్మించువానిని వేలకొలది ప్రశ్నలు అడుగును. ‘వై’ అనిన ఆ భాగము లోపల కలియును, ‘ఎమ్’ అనిన పక్కన పిలుపుకై వేచియుండును, ‘ఎన్’ అనిన ఉండదు. పెండ్లిచూపులలో వియ్యపురాలు కూడ ఇన్ని అడిగియుండదు. అమెచ్యూరు రేడియో కలదా యనినది, లేదంటిని. శబ్దము కావలెనా యనినది. ఇంట నున్న శబ్దము చాలునని ‘ఎన్’ నొక్కి ముందుకు సాగితిని.

పిదప, వైఫై డ్రైవరుకై మేనల్లుడు ఒక మేక్‌ఫైలును ఫోనులో పంపగా, నేను కొండవీటి చేంతాడువంటి ఆ పాఠమును అక్షరము తప్పకుండ ఎక్కించితిని. ‘మిస్సింగ్ సెపరేటర్. స్టాప్’ అని వచ్చినది. నూరుసార్లు సరిచూచితిని, ఒక్క అక్షరదోషము లేదు. దోషము అక్షరములో లేదు, ఖాళీలో నున్నది. ఆజ్ఞకు ముందు ట్యాబు ఉండవలెనట. నేను ఖాళీలు ఉంచితిని. కంటికి రెండును ఒకటే. 1976లో బెల్ ప్రయోగశాలలో, ఇట్టి పాఠమును చదివి కట్టుబడి నడుపు మేక్ అను పనిముట్టును వ్రాసిన స్టువర్ట్ ఫెల్డ్‌మన్‌కు ఇది ఇబ్బందికరమని కొలది వారములకే తెలిసినదట; కాని అప్పటికే దానిని ఓ పన్నెండుగురు మిత్రులు వాడుచుండిరనియు, వారి పని చెడగొట్టరాదనియు మార్చక విడిచినాడట. ఆ పన్నెండుగురి మొగమోటమునకు లోకమంతయు యాభై యేండ్లుగా సుంకము కట్టుచున్నది. పలుకబడదు, కనబడదు, లేకున్న తప్పు. ఆ ఖాళీల ముందు కూర్చుండి, నా చేతి ఎఱ్ఱసిరాకు బలియైన అరసున్నల విద్యార్థులందరిని ఒక్కొక్కరిగా తలచుకొంటిని.

మేక్ పక్కన ‘జే నాలుగు’ అని వ్రాసినచో నలుగురు కూలీలు ఒకేసారి పనిచేయుదురని వాడు చెప్పిపోయినాడు. నేను ‘జే’ వ్రాసి నాలుగు మరచితిని. అంకె లేని ‘జే’ అనగా ఊరంతటికి టముకు వేయించి పంక్తికి పిలిచినట్లట. ఉన్నది నాలుగు జీబీల మెమొరీ, వచ్చినవారు వందలు. పంకా ఆయిలింజనువలె అరచినది, బాణపు గుర్తు కదలుట మానినది, చివరకు తెరపై ‘కిల్డ్’ అను ఏకపద వార్త వెలువడినది. మెమొరీ చాలనపుడు నడుచుచున్న కర్నెలే తనకు తోచినవానిని ఎంచి వధించునట. కరణములు అట్టివారే.

ఈ యిడుములన్నియు నేను భరించితిని. భరింపరానిది తరువాత వచ్చినది. ఆ ముసలి యంత్రమునకు కర్నెలు కట్టుటకు ఐదు గంటలు పట్టును. మా వీధిలో ఐదు గంటలు ఏకధాటిగా కరెంటు ఉండుట పండుగకు కూడ లేదు. అయినను చింతలేదు, మేక్ ఎంతవరకు కట్టెనో ఎరుగును, మిగిలినదే కట్టునని మేనల్లుడు అభయమిచ్చినాడు. కరెంటు పోయినది, వచ్చినది. మేక్ మొదటినుండి ప్రారంభించినది. మరునాడును అంతే. శవమును భుజమున వేసికొని విక్రమార్కుడు నడచుటయు, బేతాళుడు మరల చెట్టెక్కుటయు, ఇట్లు నాలుగు దినములు జరిగినవి. మేనల్లుడు కంపైలరును అనుమానించినాడు, మెమొరీని అనుమానించినాడు, అంతయు తుడిచి మరల విప్పినాడు. నేనో, ప్రతిసారి తెర అడుగున నున్న ‘ఎర్రర్ 2’ అను పంక్తినే తదేకముగా చదువుచుంటిని. అది ఏమియు చెప్పదు. తగవులో చివరకు అరచినవాడు తగవు పెట్టినవాడు కాడు, పైకి పోయి మొదట నోరు విప్పినవానిని పట్టుకొనవలెను. పైన ఒక పంక్తి రోజును నాకు కనబడుచునే యున్నది: ‘క్లాక్ స్క్యూ డిటెక్టెడ్’. కాని దానికి ముందు ‘వార్నింగ్’ అని యుండుటచేత, ముప్పదేండ్లు విద్యార్థులకు నేనిచ్చిన హెచ్చరికలకు వారెంత విలువ నిచ్చిరో దీనికి నేనంత విలువ నిచ్చితిని.

ఐదవనాడు సాయంకాలము మా ఆవిడ సంగటికి ఎసరు పెట్టి, వేళ చూచుటకై నా గది తలుపున నిలిచి తెర మూలకు తొంగిచూచినది.

“ఏమండీ, దీంట్లో 2009 జనవరి ఒకటో తేదీ అని చూపిస్తాంది?”

2009 జనవరి ఒకటి! ఆ తేదీన నాకింకను ఉద్యోగమున్నది, జీతము వచ్చుచున్నది, తలపై వెండ్రుకలు కూడ కొన్ని యుండెను. యంత్రము ఆపినను కాలము లెక్కించుటకు మదర్‌బోర్డుపై బొట్టుబిళ్లయంత బ్యాటరీ యొకటి యుండును, అది చచ్చినది. నెట్టు ఉన్నంతకాలము బయటి లోకము సమయము సరిదిద్దుచుండెను. మూలమును ప్యాకేజీలను దింపుటలోనే నా డేటా హరించినది. అటుపిమ్మట కరెంటు పోయి వచ్చినపుడెల్ల యంత్రము తన పుట్టినరోజుకు తిరిగి పోవుచుండెను. మేక్‌కు తెలిసిన శాస్త్రము ఒక్కటే: మూలము తండ్రి, కట్టినది కొడుకు, కొడుకు తండ్రికంటె చిన్నవాడైన సరి, పెద్దవాడైన వాడు కొడుకు కాడు, మరల పుట్టింపవలెను. నా మూలము నిన్నమొన్నటిది. నేను కట్టినదంతయు 2009 నాటిది. కొడుకులందరు తండ్రులకంటె పెద్దవారైరి, అందరికిని ప్రతిదినము పునర్జన్మ.

చీమ దొరకినది.

బిళ్లను జేబులో వేసికొని టవర్ క్లాకు పక్క సందులో గడియారములు బాగుచేయువాని కడకు పోయితిని. అతడు భూతద్దము కంటి నుండి తీయకయే బిళ్లను తిరగవేసి, సీఆర్ 2032 యని చదివి, “దేనికి సార్, కారు తాళానికా?” అనెను. కర్నెలుకు అంటిని. అతడు లేచి నిలుచుండెను. “కర్నలా సార్? ఏ రెజిమెంటు?” నలుబది రూపాయల బిళ్లను మిలిటరీవారికని ముప్పదియైదుకు ఇచ్చినాడు. మూలము నుండి నిర్మించువారికి ఈ లోకమున లభించు గౌరవము స్వల్పము. వచ్చినదానిని కాదనుటకు నాకు మనసొప్పలేదు.

ఆ రాత్రి వీధి అదృష్టము బాగుండి నాలుగు గంటల ఇరువది నిమిషములలో కర్నెలు పూర్తియైనది, మరునాడు లేచినది, వైఫై పలికినది. ధ్వని మాత్రము రాదు. ఆ ప్రశ్నకు నేనేమి జవాబిచ్చితినో పైన మనవి చేసితిని. ఎవరికైనను ఈ కర్నెలు కావలసినచో పెన్‌డ్రైవు తెచ్చుకొనుడు, మూలముతో సహా ఉచితముగా ఇచ్చెదను. రాత్రి ఎనిమిది లోపల రండు, ఆ తరువాత కరెంటు ఉండదు.