కాటా మీద గులాబి

పూజకు పనికొచ్చే పువ్వు ఎప్పుడూ పక్కింట్లోనే పూస్తుంది. ఆ పక్కిల్లు మాది.

పది రోజులుగా పొద్దుగాల ఐదింటికి గేటు దగ్గర ప్లాస్టిక్ కవరు గలగల. లుంగీ సర్దుకుని బయటికొచ్చేసరికి చెట్టు బోడి. నాటు గులాబి అది. పన్నీరు గులాబి అంటారే, కొమ్మ గుచ్చితే బతికేది. ఒంటినిండా ముండ్లే కదా, కాపలా ఎందుకనుకున్నాను. వాటికి ఓనరు రక్తం తప్ప రుచించదని తర్వాత తెలిసింది. దొంగకు గీత కూడా పడదు. నేను ఎండుకొమ్మ కత్తిరిస్తే టీటీ ఇంజెక్షను.

ఒకసారి అడిగేశాను. "దేవునికే గద సార్" అన్నాడు. మోటరు కరెంటు బిల్లు నాది, పుణ్యం ఆయనది.

సరే, నష్టమెంతో తేలుద్దామని లెక్కకు కూచున్నాను. కిలో గులాబీ నూనె తీయడానికి దాదాపు 4 టన్నుల పూలు కావాలట. మా పువ్వు వంటింటి కాటా మీద 2 గ్రాములు తూగింది. అంటే 20 లక్షల పూలు. మా చెట్టుకు రోజుకు ఏడు. ఏడాది పొడుగునా మానకుండా పూసినా 782 ఏండ్లు. మా మహబూబ్‌నగర్ పిల్లలమర్రికే 700 ఏండ్లంటారు. ఆ మర్రి మొలిచిన రోజే పక్కన గులాబి నాటి, ఒక్క పువ్వూ పోకుండా తాతముత్తాతలు వంతులేసుకుని కాసినా, కిలో సీసా నిండడానికి ఇంకా 80 ఏండ్లు ఆగాలి. లీపు సంవత్సరాలు కలిపితే ఓ ఆరునెలలు కలిసొస్తాయి, కాదనను. అనుమానమొచ్చి ఇంకో పువ్వు తూచాను. ఒకటిన్నర గ్రాములే. లెక్క వెయ్యేండ్లు దాటింది. కాటా మా ఆవిడకిచ్చేశాను.

నిన్న నాలుగున్నరకే లేచి గోడ చాటున నక్కాను. వచ్చాడు. తెంపాడు. కవర్లో వేసుకోకుండా ముక్కు దగ్గర పెట్టుకుని అట్లనే నిలబడ్డాడు. నన్ను చూసి కూడా జంకలేదు. "ఏం వాసన సార్ దీంది!"

2021లో కరోనా వచ్చిపోయినప్పటి నుంచి నా ముక్కు పనిచేయదు. పప్పు మాడినా ఎవరో చెప్పాలి. ఈ చెట్టు అంతకుముందు నాటింది, వాసన కోసమే. పాదులు తీసేది నేను, ముండ్లు గుచ్చుకునేది నాకు. పూసిందని కండ్లతో చూసి తెలుసుకుంటాను. రాత్రంతా కూడబెట్టిన తిట్లు ఒక్కటీ నోటికి రాలేదు.

"ఎట్లుందన్నా వాసన?" అన్నాను.

కాసేపు ఆలోచించాడు పాపం.

"గులాబి లెక్కనే ఉంది సార్" అని, మిగతా ఆరూ తెంపుకుని, కవరు ముడేసుకుని పోయాడు.