లాగ్‌పంక్తి దిగ్విజయము

ముందుగా కొల్లేటి నడుమ కొలువున్న పెద్దింట్లమ్మకు దండం. కావ్యమన్నాక ఇష్టదేవతాస్తుతి ఉండాలి కదా. పైగా చెప్పబోయేది వరద సంగతి, ఆ తల్లి చూడని వరద లేదు.

ఇక నాయకుడు. ధీరోదాత్తుడై ఉండాలని లక్షణ గ్రంథాలంటాయి. మనకు దొరికిన నాయకుడు మాత్రం లాగ్ ఫైల్లో ఒకే ఒక్క పంక్తి. చూడండి:

02:13:07.412 వెబ్-3 ఎర్రర్ డేటాబేస్ కనెక్షన్ టైమౌట్ ట్రేస్=7314

శిరసున కాలమనే కిరీటం, అందులో పొదిగిన మణులు ఆ మిల్లీసెకన్లు. ముఖాన పుట్టిన ఊరు, వెబ్-3. రొమ్మున పతకం, ఎర్రర్. పొట్టలో అసలు సంగతి, ముక్తసరిగా మూడు ముక్కలు. పాదాల దగ్గర గోత్రం, అదే ట్రేస్ నంబరు. గోత్రం చెప్పలేని పంక్తిని ఏ పంక్తిలోనూ కూర్చోబెట్టరు. ఎక్కడో ఒక కస్టమరు ఒక్క బటన్ నొక్కితే ఆ పిలుపు పది సర్వర్ల గుమ్మాలు తొక్కుతుంది. ఏ గుమ్మంలో ఎవరేమన్నారో పోగుచేసి వరసలో పెట్టాలంటే ఆ నంబరొక్కటే ఆధారం.

ఇప్పుడు పురవర్ణన. కృష్ణా కాలువా గోదావరి కాలువా వచ్చి కలుసుకునే ఏలూరులో, పవర్‌పేటలో, ఓ పాత డాబా పైగది. అందులో ఆన్‌కాల్ వంతు పడిన అమ్మాయి. కింద తాతగారి గురక, పక్కన ఫ్లాస్కులో టీ, ఎదుట ల్యాప్‌టాప్. ఆవిడ ఏలుబడిలో నలభై సర్వర్లు. ఎక్కడో ముంబైలో ఉంటాయి, ఒక్కదాన్నీ కంటితో చూసి ఎరగదు. అయినా రాత్రివేళ వాటికి ఏ నలత చేసినా ముందు మోగేది ఆవిడ ఫోనే.

సర్వరన్న ప్రతివాడూ వార్ లాగ్ అనే అరలో తన చిట్టా తాను రాసుకుంటాడు. ఆ రాతల్లో పదవులు ఎనిమిది. 1980లలో బర్కిలీలో ఎరిక్ ఆల్‌మన్ గారు సెండ్‌మెయిల్ అనే ఉత్తరాల బంట్రోతు కోసం సిస్‌లాగ్ రాశారు, ఆ వంశాచారమే ఇప్పటికీ నడుస్తోంది. సున్నా అంటే ఎమర్జెన్సీ, ఏడు అంటే డీబగ్. అంకె తగ్గేకొద్దీ అరుపు పెరుగుతుంది. సున్నావారి దర్శనం మహా అరుదు. ఏడోవారు మాత్రం అక్షౌహిణులు. ‘ఫంక్షన్‌లోకి వచ్చాను’, ‘ఫంక్షన్ నుంచి పోతున్నాను’, ‘మళ్ళీ వచ్చాను’. వీళ్ళు వచ్చిందెందుకో పోయిందెందుకో రాసినవాడికే తెలియాలి, వాడు కంపెనీ మారిపోయి ఉంటాడు.

రోజూ అర్ధరాత్రి దాటాక పట్టాభిషేకం. లాగ్‌రొటేట్ అనే పురోహితుడు వస్తాడు. నిన్నటిదాకా ఏలిన ఫైలుకు ‘ఒకటి’ అని తోక తగిలించి పక్కన కూర్చోబెడతాడు. అప్పటిదాకా ఒకటిగా ఉన్నవాడు రెండు, రెండు మూడు. ముసలివాళ్ళను జిప్ చేసి పదోవంతుకు కుదించి మూల పడేస్తాడు. ఏడోవాడికి కైలాసం. కొత్త ఫైలు సున్నా బైట్ల పసికందుగా సింహాసనమెక్కి, సెకను తిరక్కుండానే రాయడం మొదలెడుతుంది.

కావ్యానికి ఒక పెద్ద ఉపమ ఉంటే చాలు, అది మా వాకిట్లోనే ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, రెండు డెల్టాల మురుగు కాలువలు, అన్నీ వచ్చి కొల్లేట్లో పడతాయి. నలభై సర్వర్ల చిట్టాలూ అలాగే ఒక ఉమ్మడి మడుగులోకి పారతాయి. ప్రతి సర్వరు దగ్గరా ఒక ఏజెంటు కాపలా ఉండి పంక్తి పుట్టగానే తోడి పంపిస్తుంది. ఎక్కడిదాకా తోడిందో గుర్తు రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కునుకు తీసినా లేచాక అక్కణ్ణుంచే అందుకుంటుంది. వరద ఒక్కసారి మీద పడకుండా నాగిరెడ్డిగూడెం దగ్గర తమ్మిలేరుకు జలాశయం కట్టారే, దారిలో కాఫ్కా అలాంటిది. లింక్డిన్‌లో పుట్టి 2011లో లోకానికి ధారాదత్తమైంది. అది నిలవేసి మెల్లగా వదిలితే, మడుగులో ఎలాస్టిక్‌సెర్చ్ ఏ మాట ఏ పంక్తిలో ఉందో సూచిక కట్టి పెడుతుంది. అప్పుడు కోటి పంక్తుల్లో కొర్రమీను లాంటి ఒక్క ఎర్రర్‌ను వల వేసి పట్టొచ్చు. ఇదంతా బాగానే ఉంది. అయితే కొల్లేట్లోకి వచ్చే దారులు ఎన్నో, సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. దానికి గుర్రపుడెక్క అడ్డంపడిన ఏట లంక గ్రామాల అవస్థ ఏలూరు పిల్లలక్కూడా తెలుసు.

ఇక యుద్ధకాండ. సాయంత్రం ఎవరో మహానుభావుడు ఒక చిన్న సంగతి చూద్దామని డేటాబేస్ సర్వరు మీదే నడిచే ఒక సర్వీసులో డీబగ్ తెరిచి, భోజనం వేళైందని వెళ్ళిపోయాడు. ఏడో పదవి సైన్యం గేట్లెత్తినట్టు దూకింది. పురోహితుడు అర్ధరాత్రికి గానీ రాడు, వచ్చి కుదిద్దామన్నా జిప్ చేసేందుకు చోటు లేదు. రెండు గంటలకు డేటాబేస్ సర్వరు డిస్కు నిండిపోయింది. డేటాబేస్ కలం ఎత్తి ఎక్కడ రాయాలో తెలియక నిలబడిపోయింది. దాని జవాబు కోసం చూసి చూసి వెబ్-3 రాసుకున్న మొరే మన కథానాయకుడు. రోగం వస్తే చెప్పడానికి పెట్టుకున్న చిట్టాయే రోగమై కూర్చుందన్నమాట.

ఫోను మోగింది. అమ్మాయి లేచి చిట్టాలు వరసలో పెట్టి చూస్తే, అడగకముందే జవాబు వచ్చినట్టుంది! వెబ్-3 గడియారం మన కాలమానంలో 02:13 అంటుంటే, డేటాబేస్ యూటీసీలో 20:43 అంటోంది. వాడికింకా నిన్నే నడుస్తోంది. ఐదున్నర గంటలు కలిపినా వెబ్-3 నాలుగు సెకన్లు ముందు పరిగెడుతోంది. ఏది ముందు ఏది వెనక అన్న ఈ చిక్కు మీదే లెస్లీ లాంపోర్ట్ 1978లో పేరుమోసిన వ్యాసం రాశాడు. మన ప్రభుత్వం తరఫున సెర్ట్-ఇన్ 28 ఏప్రిల్ 2022న ఇచ్చిన ఆదేశాల్లోనూ గడియారాలన్నీ ఎన్ఐసీ, ఎన్‌పీఎల్ వారి కాలంతో సరిపోవాలని ఉంది. ఆదేశం అందరూ చదివారు. వెబ్-3 చదవలేదు.

ఆవిడ డిస్కు చూసింది, దొంగ ఫైలు పట్టింది, ఒక్క వేటున చెరిపేసింది. దేవతలు పూలవాన కురిపించబోయి ఆగారు, డిస్కు ఇంకా వందకు వందే. తాడేపల్లిగూడెంలో ఉండే సీనియర్‌కు ఫోన్ చేసింది. ఆయన వెనక ఉల్లి లారీల హారన్లు వినిపిస్తున్నాయి.

“ఏమ్మా, ఫైలు తీసేశావా?”

“తీసేశానన్నయ్యా. చోటు మాత్రం రాలేదు.”

“పేరు తీసేశావంతే. రాసేవాడు ఇంకా పట్టుకునే ఉన్నాడు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కొట్టు, డిలీటెడ్ అని వస్తుంది చూడు.”

“ఆఁ వచ్చింది. నూట నలభై జీబీ!”

“మరదే. ముందు డీబగ్ ఆపు, తర్వాత సర్వీసు రీస్టార్ట్ చెయ్యి. ఆ వరస తప్పావంటే తెల్లారేలోగా మళ్ళీ లేపుతావు నన్ను.”

పేరు పోయినా, రాసే ప్రోగ్రాము చెయ్యి విడిచేదాకా ఫైలు డిస్కు మీద ప్రాణాలతోనే ఉంటుంది. చెయ్యి విడిపించగానే నూట నలభై జీబీల అసురుడు మాయమయ్యాడు. డేటాబేస్ ఊపిరి పీల్చుకుంది. తాతగారు ఇటునుంచి అటు తిరిగి పడుకున్నారు.

పొద్దున్న సభాపర్వం. నిర్ణయాలు చకచకా కుదిరాయి: లాగ్‌లకు వేరే డిస్కు, సైజు మీరితే అర్ధరాత్రి కోసం ఆగకుండా అప్పటికప్పుడే రొటేషన్, గంట దాటితే డీబగ్ దానంతట అదే ఆగిపోవడం. మీనమేషాలు మొదలైంది ఎన్నాళ్ళు దాచాలన్న దగ్గర. సర్వరులో ఏడు రోజులు, వెతకడానికి వీలుగా ముప్పై రోజులు, ఆపైన చవక నిలవలో మొత్తం 180 రోజులు, దాటితే ఉప్పుటేరు గుండా సముద్రంలోకి. ఆ 180 కూడా సెర్ట్-ఇన్ గీతే, అన్ని రోజులూ దేశంలోనే దాచాలి. సభ ఏకగ్రీవంగా తల ఊపింది.

కొల్లేటికీ ఇలాగే 1999లో ఐదో కాంటూరు వరకూ, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమని గీత గీశారు. గీత మంచిదేనని అందరూ అన్నారు, తమ చేపల చెరువు దానికి లోపల పడిందని తెలిసేదాకా. 2006లో పొక్లెయిన్లు వచ్చి గట్లు కొట్టాయి, ఆ తగువు ఇంకా తెగలేదు.

సభ ముగిసిన పావుగంటకే పేమెంట్స్ వాళ్ళ మెసేజ్: రూలు బావుంది, మా లాగ్‌లు మాత్రం ఏడాది ఉంచండి. ఆ వెనకే సెర్చ్ వాళ్ళది. ఆ వెనక, నిన్న డీబగ్ తెరిచిన మహానుభావుడిది: ఇంకో వారం తెరిచి ఉంచితే తన చిన్న సంగతి తేలిపోతుందట.