జడపిన్ను కింద నిద్ర

మా హాల్లో ఫ్యాను ఇన్నేళ్లూ రెండు మాటలే మాట్లాడింది. మూడు మీద పెడితే "టిక్కు", ఐదు మీద పెడితే "టకటక". పోయిన ఎండాకాలం మూడో మాట నేర్చింది: "గుర్రు". ఆ గురక నాదేనని మా ఆవిడ వారం రోజులు నన్ను మోచేత్తో పొడిచింది. ఎనిమిదో రాత్రి కరెంటు పోయింది, దాంతోపాటు గురకా పోయింది. నేను నిర్దోషినని అట్లా రుజువైంది. పొడుపులకు మాత్రం పరిహారం రాలేదు.

నాది జగదేవ్‌పూర్‌లో దర్జీ పని. ఇంటి ముందున్న రేకుల వరండానే దుకాణం. మా అమ్మ బతికున్నన్నాళ్లూ ఫ్యాను అని అనలేదు, "పంక" అనేది. పంక తిరిగితే ఇల్లంతా చల్లబడుతుందని ఆమె నమ్మకం. అందుకని ఎవరూ లేని గదిలోనూ పంక తిరుగుతూనే ఉండేది. నిజానికి పంక గదిని చల్లబరచదు, మన ఒంటి మీది చెమటను ఆరబెడుతుంది. ఖాళీ గదిలో పంక తిరిగితే చెమటలు పట్టేది బిల్లు కట్టేవాడికే.

సీలింగ్ ఫ్యానుకూ మా వృత్తికీ చుట్టరికం ఉందని ఈమధ్యనే తెలిసింది. 1880లలో అమెరికాలో ఫిలిప్ డీల్ అనే ఆయన సింగర్ కుట్టుమిషన్ల కోసం తయారుచేసిన కరెంటు మోటారుకే రెక్కలు తగిలించి ఇంటికప్పుకు వేలాడదీశాడు. అంటే వరసకు ఫ్యాను మా మిషన్‌కు తమ్ముడు. అన్న కాళ్ల దగ్గర పడి ఉంటే తమ్ముడు నెత్తికెక్కాడు. ఇది చాలా ఇళ్లలో ఉన్నదే.

ఇక మా ఇంటి అసలు యజమాని కరెంటు మీటరు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్లలోపు వాడే తెల్లకార్డు ఇళ్లకు జీరో బిల్లు వస్తోంది. 200 దాటిందా, మొత్తం కట్టాల్సిందే. అందుకే నెలాఖరులో మా ఆవిడ మీటరును చూసే చూపు పదో తరగతి ఫలితాలప్పుడు కూడా చూడలేదు. మా పాత ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 75 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు మూడింటికీ 101 యూనిట్లు. కొత్త బీఎల్‌డీసీ మోటారు రకమైతే 30 వాట్ల దగ్గరే తిరుగుతుంది, అదే లెక్కకు 40 యూనిట్లు చాలు. సుద్దముక్కతో కత్తిరింపు బల్ల మీద ఈ లెక్క వేసి చూపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. "మరి ఇన్నేండ్లు ఏం జేసినవ్?" అంది.

సరే, ముందుగా హాలుకొకటి, వరండాకొకటి మారుద్దామని ఇద్దరం గజ్వేల్ పోయాం. దుకాణంలో మా ఆవిడ గోడ రంగుకు సరిపోయే రెక్కలు వెతికింది. దుకాణందారు "నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతదో సూడన్నా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. దారం లేని మిషన్‌ను ఎంత జోరుగా తొక్కితే మాత్రం కుట్టు పడుతుందా? చూడాల్సింది చుట్లు కాదు, గాలి. నిమిషానికి ఎన్ని ఘనమీటర్ల గాలి ఇస్తుంది, అందుకు ఎన్ని వాట్లు తింటుంది, ఈ రెండే. తక్కువ తిని ఎక్కువ పనిచేసేదానికి ఎక్కువ చుక్కలు. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు ఈ స్టార్ లేబుల్ తప్పనిసరి. తక్కువ తిని ఎక్కువ పనిచేసే నాకు ఏ సంవత్సరం నుంచి లేబుల్ ఇస్తారో తెలియదు.

కొలత దగ్గర మాత్రం నన్ను ఎవరూ బోల్తా కొట్టించలేరు. పది, పన్నెండు అడుగుల గదికి 1200 మిల్లీమీటర్ల ఫ్యాను, అంటే 48 అంగుళాలు. చిన్న గదికి 900, అంటే 36 అంగుళాలు. ఇది మా టేపు భాషే. కాకపోతే రెక్కలకు నడుము కొలత ఉండదు.

మర్నాడు కరెంటు పని చేసే పిలగాడు నిచ్చెనతో వచ్చాడు. ఫ్యాను స్విచ్చు ఆపబోయాను. "స్విచ్చు గాదు కాకా, మెయిన్ బంద్ జెయ్యి" అన్నాడు. వైరింగులో ఏ తీగ ఎటు పోయిందో కట్టినవాడికే తెలుసు, స్విచ్చు ఆపినా పైన కరెంటు ఉండొచ్చు అన్నాడు. మెయిన్ ఆపాక కూడా టెస్టరు పెట్టి చూసుకునే చెయ్యి వేశాడు. వాడి వయసులో నేను వైరును ముట్టుకుని చూసేవాణ్ని.

కొక్కెం గట్టిగానే ఉంది. స్లాబు పోసిననాడు మేస్త్రి లోపలి ఇనుప కడ్డీకి కట్టిన కొక్కెం అది. దానికి రబ్బరు బుష్షు, బుష్షులోంచి బోల్టు, బోల్టుకు రాడ్డు, రాడ్డుకు ఫ్యాను. పిలగాడు పైన గిన్నెలాంటి మూతను కిందికి జార్చాడు. తొంగి చూశాడు. ఇంకోసారి తొంగి చూశాడు. రెండు వేళ్లతో ఏదో లాగి నా అరచేతిలో పెట్టాడు.

జడపిన్ను.

నల్లగా, కాస్త తుప్పు పట్టి, ఒక కాలు నిటారుగా, ఇంకో కాలు వంకరటింకరగా. నాకు వెంటనే గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ల కింద ఇంటికి రంగులేసినప్పుడు ఫ్యాను దించి మళ్లీ తగిలించిన మొనగాణ్ని నేనే. బోల్టు చివరి చిన్న బెజ్జంలో ఉండాల్సిన పిన్ను ఎక్కడో పడిపోయింది. అద్దం దగ్గర జడపిన్ను కనబడింది. రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. దూర్చేశాను.

ఆ పిన్ను పని ఏంటో అప్పుడు ఆలోచించలేదు. నట్టు ఎంత బిగించినా, తిరిగే ఫ్యాను అదురుకు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వదులవుతుంది. బోల్టు చివర పిన్ను దూర్చి దాని రెండు కాళ్లూ చెరోవైపు వంచితే ఆ నట్టు ఊడి రాదు. మా భాషలో అది దారం చివరి ముడి. ఎంత బాగా కుట్టినా ముడి వేయని గుండీ నాలుగో రోజు రోడ్డు మీద ఉంటుంది. నలభై ఏళ్లుగా అందరి గుండీలకూ ముడులు వేసినవాణ్ని, నాలుగు కిలోల ఇనుమును మాత్రం ముడి లేకుండా మా ఇద్దరి నెత్తి మీద వేలాడదీశాను. రబ్బరు బుష్షు కూడా ఎండిన చింతపిక్కలా గట్టిపడి ఉంది. ఆ గుర్రు దానిదేనట.

మా ఆవిడ వచ్చి నా చేతిలోది చూసింది. నేను భయపడ్డాను.

"ఓయ్య! గీ పిన్ను కోసం ఆనాడు ఇల్లంత ఎతికిన!" అని తీసుకుని కొంగుతో తుడుచుకుంటూ లోపలికి పోయింది. తొమ్మిదేళ్లు ప్రాణాలతో ఉన్న సంగతి ఆమెకు పట్టలేదు.

పిలగాడు కొత్త బోల్టులు, కొత్త పిన్నులు రాడ్డుకు పైనా కిందా వేశాడు. పాత రెగ్యులేటర్ పీకేశాడు, ఈ రకానికి అది పనికిరాదు, రిమోటే. ఆ రిమోటు ఇప్పుడు రోజుకు మూడుసార్లు జాకెట్ ముక్కల కింద దొరుకుతోంది.

ఇక వరండా. అక్కడ పైన రేకులు, చుట్టూ వానజల్లు. ఇంట్లో వేసే చెక్కపొడి రెక్కల ఫ్యాను అక్కడ పెడితే మొదటి వానాకాలానికే తడిసిన అప్పడమైపోతుంది. అల్యూమినియం రెక్కలుండాలి, ఆరుబయటకు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉండాలి. ఐపీ అన్న అక్షరాల పక్కన రెండంకెలుంటాయి, మొదటిది దుమ్ముకు, రెండోది నీళ్లకు. రెండోది 4 అయితే నీళ్లు ఎటునుంచి చిందినా తట్టుకుంటుంది. వేలాడదీసేది రేకుకు కాదు, ఇనుప దూలానికి. పచ్చ రంగు ఎర్తు తీగ మరవకూడదు. అది లేకుండా ఎక్కడైనా కరెంటు లీకైతే షెడ్డంతా షాకే.

నా టేపు అరవై అంగుళాలదే కాబట్టి రెండు వాయిలుగా ఎత్తు కొలిచాను. రేకులు ముందుకు వాలి ఉంటాయి కదా, ముందువైపు రెక్కలు ఏడడుగుల ఎత్తులో వస్తున్నాయి. కనీసం ఎనిమిదడుగులు ఉండాలన్నాడు పిలగాడు. "ఎవలు తాకుతరు?" అన్నాను. సరిగ్గా అప్పుడే కొండపోచమ్మ దర్శనం చేసుకుని మా బావ వచ్చాడు. ఆరడుగుల మనిషి. "అబ్బ, ఉడుకు!" అంటూ రెండు చేతులూ పైకెత్తి బనీను విప్పాడు. నేను టేపు మడిచేశాను. ఫ్యానును గోడ వైపు, కప్పు ఎత్తుగా ఉన్న చోటికి జరిపించాను.

ఆ రోజు నుంచి నాకో జబ్బు పట్టుకుంది. ఎవరింటికి పోయినా కూర్చునే ముందు పైకి చూస్తాను. పోయిన నెల హైదరాబాద్‌లో బావ ఇంటికి పోయాను. సోఫా పైన ఫ్యాను గిరగిరా తిరుగుతూ ఊగుతోంది. నీళ్లు కూడా తాగకుండా అడిగాను:

"బావా, పిన్ను ఉందా?"

బావ చటుక్కున సెల్‌ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఎవలడిగినా పిన్ను చెప్పొద్దన్నరు బామ్మర్దీ, బ్యాంకోళ్లు!"