కలిపితే ఓడాడు

క్రికెట్ సరాసరి లెక్కల్లో నన్ను మించినవాడు మా పేట రుఆబాంధాలో లేడని చాలాకాలం నమ్మాను. భిలాయి స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో షిఫ్టు రిపోర్టులు రాసి రిటైరైనవాణ్ణి. బ్రాడ్‌మన్ 99.94, లక్ష్మణ్ 45.97, అజరుద్దీన్ 45.03... నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మన సి.కె. నాయుడిది మాత్రం సరిగ్గా 25. మొదటి టెస్టు ఆడేనాటికే ఆయనకి ముప్ఫయ్యారేళ్ళనీ, మొత్తం ఆడినవి 7 టెస్టులేననీ తెలిసి కూడా ఆ అంకె చూసి నామోషీ పడేవాణ్ణి. అంకె పక్కన మనిషి నాకు ఆనేవాడు కాదు.

న్యూజెర్సీ నుంచి మా చెల్లెలి కొడుకు వచ్చాడు. వాడికి బేస్‌బాల్ పిచ్చి. టై కాబ్ అనే ఆయన సరాసరి 0.366 అని గొప్పగా చెప్పాడు. "ఒక్క పరుగైనా లేదుట్రా!" అని పకపకా నవ్వాను. పరుగులు కావట, వెయ్యి అవకాశాల్లో 366 సార్లు హిట్ కొట్టాడని అర్థమట. ఆ ఆటలో మూడొందలు దాటితేనే మొనగాడు. 2024లో నల్లవాళ్ళ పాత లీగుల లెక్కలు కూడా కలిపాక జాష్ గిబ్సన్ 0.372తో కాబ్‌ని దాటేశాడు. అప్పటికి గిబ్సన్ పోయి 77 ఏళ్ళు.

నవ్వితే నవ్వాను, అక్కడితో ఊరుకోవాల్సింది.

"మావయ్యా, 1995లో డెరెక్ జీటర్ 0.250, డేవిడ్ జస్టిస్ 0.253. 96లో జీటర్ 0.314, జస్టిస్ 0.321. రెండేళ్ళూ కలిపితే ఎవరిది ఎక్కువ?"

ఇదీ ఒక ప్రశ్నేనా? కాగితం కూడా అడగలేదు. "జస్టిస్ 0.287, జీటర్ 0.282. రెండేళ్ళూ నెగ్గినవాడు కలిపితే ఓడతాడా?" అన్నాను. ఓడితే నెల్లాళ్ళు పొద్దున్న టీ నేనే కాస్తానని మా ఆవిడ వింటుండగా పందెం కూడా కాశాను.

వాడు ఫోన్ తీసి చూపించాడు. జీటర్ మొదటి ఏడు 48 అవకాశాల్లో 12 కొట్టాడు, రెండో ఏడు 582లో 183. జస్టిస్ 411లో 104, తర్వాత 140లో 45. కలిపితే జీటర్ 630కి 195, అంటే 0.310. జస్టిస్ 551కి 149, అంటే 0.270.

కాగితం తెప్పించుకుని రెండుసార్లు భాగించాను. అదే వచ్చింది.

మిల్లులో చేరిన ప్రతి కుర్రాడికీ నేను చెప్పిన మొదటి పాఠం ఇదే: చిన్న షిఫ్టు శాతాన్నీ పెద్ద షిఫ్టు శాతాన్నీ కూడి సగం చెయ్యకండి, టన్నులు టన్నులతో కలిపి భాగించండి. అలా తప్పు కట్టిన రిపోర్టులు మొహాన కొట్టిన రోజులున్నాయి. బంతీ బ్యాటూ కనబడేసరికి ఆ ఇంగితం ఎటుపోయిందో!

ఓటమి ఒప్పుకోబుద్ధి కాలేదు. జస్టిస్ 96లో అన్ని తక్కువసార్లు ఆడాడేం అని నిలదీశాను. భుజం జారి మే నెలలోనే ఆట ఆగిపోయిందట. దొరికిందిరా సందు అనుకుని, "చూశావా, దెబ్బ తగలకపోతే పందెం నాదే!" అన్నాను.

"ఏడాదంతా ఆడితే ఆ 0.321 నిలిచేదంటావా మావయ్యా?" అన్నాడు.

మా ఆవిడ టీ పొడి డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.