పేదరికంలో పీజీ

అమెరికా వెళ్లి కంప్యూటర్లు చదివొచ్చిన కుర్రాణ్ణి గుంటూరు జిల్లాలో ఎవరూ ఏమీ అడగరు. ఇంగ్లండులో ఏడాదిపాటు అంతర్జాతీయ అభివృద్ధి, సామాజిక న్యాయం చదివొచ్చినవాడు మాత్రం పెళ్లిపందిట్లో కూడా దొరికిపోతాడు. ‘ఏం చేస్తుంటావు బాబూ?’ అంటే ‘పాలసీ స్పేస్‌లో ఉన్నానండీ’ అంటాడు. తుళ్లూరు పెద్దాయన ఇంకేమీ ఆలోచించకుండా ‘గజం ఎంతుంది?’ అంటాడు. ఖద్దరు లాల్చీ, భుజాన గుడ్డ సంచి, అందులో స్టీలు నీళ్ల సీసా, నోట్లో ‘స్టేక్‌హోల్డర్లు’: ఇదీ మనవాడి వాలకం. మిరప కోతల రోజుల్లో చేలో దిగి, ఆ ఘాటుకి తుమ్ముకుంటూనే, కూలి ఆడవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల పేదరికాన్ని ముగ్గుపిండితో గీయమంటాడు. వాళ్లు గీస్తారు కూడా. ఆ సేపు కోయని కాయల సంగతి సాయంత్రం మేస్త్రీ లెక్కల్లో తేలుతుంది.

నవ్వుకోడానికి బాగానే ఉంది గాని, తప్పు చదువుదని నేననను. మనవాడు తరచూ పేరెత్తే అభివృద్ధి అధ్యయనాల పండితుడు రాబర్ట్ చాంబర్స్ 1983లోనే హెచ్చరించాడు: ఊరు చూడటానికొచ్చే చదువుకున్నవాళ్లు తారు రోడ్డు పక్కనే ఆగుతారు, వానలు లేనప్పుడే వస్తారు, పథకం అమలైన చోటే తిరుగుతారు, ఊరి పెద్దలతోనే మాట్లాడతారని. శిష్యుడు ఆ పేజీకి పసుపు గీత పెట్టుకుని, జనవరిలో కారులో వచ్చి, సర్పంచి గారింట్లో కాఫీ తాగి వెళతాడు. పాఠం వచ్చు, నడక రాదు.

ఈ చదువు నేర్పే అసలు ప్రశ్న లెక్కలోకి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్నది. దానికి అమరావతి రాజధాని భూసమీకరణ కంటే మంచి పాఠ్యపుస్తకం లేదు. ఎకరం మెట్ట ఇచ్చిన రైతుకు 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం రాసిచ్చారు. నీటి వసతి ఉన్న జరీబు నేల అయితే వాణిజ్య స్థలం 450 గజాలు. భూమి లేని కుటుంబానికి మొదట్లో నెలకు 2,500 రూపాయల పింఛను ఇచ్చారు. ఏళ్ల తరబడి అదే నేలను సాగు చేసిన కౌలుదారూ, రోజు కూలికి వచ్చే మనిషీ ఒకే గాటన పడ్డారు. ‘ఈ సంగతి కౌలుదారుకి తెలియదా, లండన్ నుంచి ఒకడొచ్చి చెప్పాలా?’ అనవచ్చు. తెలుసు. కానీ తెలిసినదాన్ని వాషింగ్టన్‌కి వినిపించే భాష వేరు. 2017లో రాజధాని ప్రాంత రైతులు కొందరు ప్రపంచ బ్యాంకు తనిఖీ ప్యానెల్‌కు ఫిర్యాదు పంపారు. రాజధాని కోసం ఆ బ్యాంకును రుణం అడిగిన కేంద్రం తన అభ్యర్థనను వెనక్కి తీసుకోవడంతో 2019 జులైలో ఆ రుణం ఆగింది. 2024 డిసెంబరులో అదే బ్యాంకు అదే రాజధానికి 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. రుణాలు వస్తాయి, పోతాయి. నిబంధనల భాషలో అర్జీ రాయగలవాడి అవసరం మాత్రం పోదు.

అంటే మనవాడి పని రిజిస్ట్రారాఫీసు ముందు చెట్టుకింద కూర్చునే రాతగాడి పని. తేడా ఒక్కటే: రాతగాడు నీ పేరేమిటని అడుగుతాడు, మనవాడు ‘పద్నాలుగో రెస్పాండెంట్’ అని రాసుకుంటాడు. కాబట్టి పట్టా ఇచ్చేముందు ఒక పరీక్ష పెట్టాలి. రాష్ట్రం 2019లో తెచ్చిన చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే 11 నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం ఉండాలి. ఆ సంతకం పెట్టడానికే చాలామంది ఆసాములు జంకుతారు. ఒక్క కౌలుదారుకి ఆ సంతకం పెట్టించినవాడికే డిస్టింక్షన్. ఫీజు కట్టింది కౌలు డబ్బుతోనే అయితే ఫీల్డువర్కుకి ఎక్కడికో పోనక్కర్లేదు, నాన్నగారికి పెన్ను అందిస్తే చాలు.