దేవుడి పద్దు

మా పెదనాన్న ఖమ్మం ట్రెజరీ ఆఫీసులో అకౌంటెంటుగా చేసి రిటైరయ్యారు. ప్రభుత్వం ఆయన్ని వదిలింది గానీ ఆయన లెక్కల్ని వదల్లేదు. ఇప్పుడు దేవుడి ఖాతా చూస్తున్నారు.

పెన్షన్ పడిందని ఫోన్‌లో మెసేజ్ రావడం ఆలస్యం, కాఫీ పక్కన పెట్టి ఎర్ర అట్ట పుస్తకం తీస్తారు. పదోవంతు లెక్కగట్టి, కవరు మీద ‘దశమ భాగము’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, బైబిల్లో మలాకీ మూడో అధ్యాయం దగ్గర పెడతారు. పైసలు మిగిలితే పై రూపాయికి సర్దేస్తారు. “రౌండింగ్ ఎప్పుడూ దేవుడి వైపే ఉండాలిరా” అంటారు, అరవై పైసలు ఎక్కువిచ్చి అరెకరం రాసిచ్చినంత గంభీరంగా.

ఇలాంటి పెద్దమనిషి ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. కానుకల సంచి తిరిగేటప్పుడు అందరూ కళ్లు మూసుకుని పాడుతుంటే, ఆయన ఒక కన్నుతో పాడుతూ రెండో కన్నుతో నోటు రంగు చూస్తుంటారు. గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ అతికించాక పాపం ఆ సదుపాయం పోయింది. “ఫోన్ తీసినవాళ్లందరూ కానుకే వేస్తున్నారంటావా?” అని ఆయన బెంగ.

ఏది ఆదాయం, ఏది కాదు అన్నదాని మీద పెదనాన్నకి సొంత శాస్త్రం ఉంది. జీతం రోజుల్లో కోతలకు ముందున్న మొత్తం మీదే ఇచ్చారు కాబట్టి జీపీఎఫ్ చేతికొచ్చినప్పుడు వడ్డీ మీద ఇస్తే చాలు. మెడికల్ బిల్లు తిరిగొస్తే అది మన డబ్బే, ఆదాయం కాదు. ఇంటద్దె అడ్వాన్సు వెనక్కివ్వాల్సిందే, కాబట్టి అప్పు. పెన్షన్‌లో నలభై శాతం కమ్యూట్ చేసుకున్న సొమ్ముకి పదోవంతు ఆనాడే కట్టేశారు గనక, ఇప్పుడు తగ్గి వస్తున్న దాని మీదే లెక్క.

ఒకసారి మా అత్తయ్య ముప్పై మామిడిపండ్లు పంపింది. లేవీయకాండం 27లో కర్ర కింద నడిచే మందలో పదోది ఏదైతే అదే దేవుడిది, మంచీ చెడ్డా ఏరకూడదు అని ఉంది. పెదనాన్న పండ్లను వరసలో పెట్టి కర్రతో లెక్కపెట్టారు. ఇరవయ్యోది కుళ్లింది. నియమం నియమమే అని దాన్నీ సంచిలో వేశారు. ఆయన చెప్పులేసుకునే లోపల పెద్దమ్మ దాన్ని తీసి మంచి పండు పెట్టింది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. “పెదనాన్నా, అది ధర్మశాస్త్రం కదా, మనం కృప కింద ఉన్నాం కదా?” అబ్రాహాము మెల్కీసెదెకుకి పదోవంతు ఇచ్చేనాటికి మోషే పుట్టనే లేదన్నారు. పుదీనాలో, జీలకర్రలో పదోవంతు తీసే పరిసయ్యుల్ని ప్రభువు గద్దించాడు కదా అన్నాను. “న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేశారని గద్దించాడు. పుదీనా మానమన్లేదు” అన్నారు. చివరి అస్త్రంగా, ఎవరి మనసులో నిర్ణయించుకున్నట్టు వారు ఇవ్వాలని పౌలు కొరింథీయులకు రాశాడు కదా అన్నాను. “నా మనసు సంగతి నాకు తెలుసురా. దాన్నడిగితే ఇరవై రూపాయలంటుంది. అందుకే దాన్నడగను.”

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. 1912లో డోర్నకల్ బిషప్పయిన అజరయ్య, బీద సంఘాలు కూడా తమ పాస్టర్లను తామే పోషించుకోవాలని పట్టుబట్టిన మనిషి. ఆ గాలి తగిలిన ఇల్లు మాది. మా నానమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం దేవుడి కుండలో వేసేది. నేనేమో ‘లెక్క చూసుకోకుండా ప్రేమతో ఇవ్వాలి’ అనే బాపతు. నా ప్రేమ ఏడాదికి ఎంతయిందో ఎర్ర పుస్తకంలో వేసి చూడమని పెదనాన్న అన్నప్పుడల్లా నాకు అర్జెంటు పని గుర్తొస్తుంది.

మొన్న కోత పండుగకి పెదనాన్న పెరట్లో మొదట కాసిన సొరకాయ తీసుకెళ్లి గుడి ముందు పెట్టారు. ఆరాధన అయ్యాక వేలం. ఆయనకి పడని ఇంకో సంఘపెద్ద రెండొందలన్నాడు. నా కాయ వాడింట్లో ఉడకడమా అని పెదనాన్న మూడొందలన్నారు. పాట సాగి సాగి ఐదొందల దగ్గర ఆగింది. తనిచ్చిన కాయను తానే చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి పుస్తకం తెరిచారు. బజారులో సొరకాయ ముప్పై. కాబట్టి ముప్పై ‘కూరగాయలు’ పద్దులో, నాలుగొందల డెబ్బై ‘కానుక’ పద్దులో రాసి, “దశమ భాగంలోంచి మినహాయించలేదు చూడు, ఇది పైన” అని నాకు చూపించారు.

కత్తిపీట ముందేసుకుంటూ పెద్దమ్మ అంది. “ఏమండీ, గింజ పెట్టింది నేను, నీళ్లు పోసింది నేను, పందిరి వేయించింది నేను. మరి ప్రథమఫలం మీ పేర ఎలా రాసుకున్నారు?”

పెదనాన్న పుస్తకం వంక చూశారు, సొరకాయ వంక చూశారు. “నెలాఖరుకి సర్దుబాటు పద్దు వేస్తాలే” అని పెన్నుకి మూత పెట్టేశారు.