ఎవరి మీదా ఆధారపడని పెద్దాయన

"నేనెవరి మీదా ఆధారపడే మనిషిని కాదు!"

ఈ మాట వినపడగానే ఇంటిల్లిపాదీ చేతిలో పనులు వదిలేసి లేచి నిలబడతారు, ఇప్పుడేం పని పడిందోనని. బెజవాడలో ఏ అపార్ట్‌మెంటుకు వెళ్ళినా ఈ బాపతు పెద్దాయన ఒకరు తగులుతారు. సర్కారు కొలువు చేసి రిటైరైనవారు. నెలనెలా పెన్షన్, నోటి నిండా స్వావలంబన.

హాల్లో ఫ్యాన్ ఆగిపోయింది. కెపాసిటర్ పోయి ఉంటుంది. "దీనికి ఎలక్ట్రీషియన్ ఎందుకు, నాకు చేతుల్లేవూ?" అని పంచె ఎగ్గట్టారు. స్టూలు కొడుకు పట్టుకోవాలి. టార్చి కోడలు వెయ్యాలి. మెయిన్ ఆపడానికి మనవడు కిందికి పరుగెత్తాలి. పెద్దావిడ స్క్రూడ్రైవర్ అనుకుని ఏదో అందిస్తే "అది టెస్టరే!" అని పైనుంచి కేక. ముప్పావు గంటకు ఫ్యాన్ తిరిగింది. వెనక్కి తిరిగింది. వైర్లు తారుమారై గాలంతా స్లాబుకు కొడుతోంది. "తిరుగుతోందా, లేదా?" అన్నారాయన. సాయంత్రం ఆయన గుడికి వెళ్ళాక ఎలక్ట్రీషియన్ దొంగలా వచ్చి సరిచేసి పోయాడు.

డబ్బు దగ్గర మరీ పట్టుదల. ఏటా తాను బతికే ఉన్నానని సర్కారుకు రుజువు చూపించాలి కదా, ఆ జీవన్ ప్రమాణ్ ఇప్పుడు ఫోన్‌కు ముఖం చూపిస్తే అయిపోతుంది. ఫోన్ మనవడిది. "తాతయ్యా, రెప్ప వెయ్యి" అని వాడంటే ఈయన రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని కూర్చుంటారు. ఓటీపీ వెళ్ళేది డల్లాస్‌లో ఉన్న కూతురికి. అక్కడ అర్ధరాత్రి. ఆ తతంగం ముగిశాక కొడుక్కి హితబోధ: "సొంత కాళ్ళ మీద నిలబడటం నేర్చుకోరా!" ఆ అబ్బాయిదీ సర్కారు కొలువే, టీచరు. కాకపోతే 2004 సెప్టెంబరు తర్వాత చేరి కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం, అదే సీపీఎస్‌లో పడ్డాడు. నెలనెలా బేసిక్, డీఏల్లో 10 శాతం కోత, రేపు చేతికొచ్చేదెంతో షేర్ మార్కెట్ దయ. "అలాగే నాన్నగారూ" అంటూ ఆ నెల కరెంటు బిల్లు ఫోన్‌పేలో కట్టేశాడు.

వేసవి సెలవులకు కొడుకూ కోడలూ ఊరెళ్ళారు. పెద్దావిడ కూడా నాలుగు రోజులు తెనాలిలో చెల్లెలింటికి వెళ్తానంటే, "హాయిగా వెళ్ళిరా, ఒక్క మనిషికి వండుకోలేనా?" అన్నారు. రైలు కృష్ణా కెనాల్ దాటకముందే ఫోన్. "ఎలా ఉన్నావో కనుక్కుందామని చేశానే. అన్నట్టు, ఈ కుక్కర్ మూత ఎటునుంచి దూరుతుంది?" తర్వాత చింతపండు డబ్బా ఎక్కడని. ఆ పైన బీపీ మాత్ర ఏ రంగని. మర్నాడు పొద్దున్నే ఆవిడ సంచీతో సహా గుమ్మంలో దిగారు.

కింద సిమెంటు బల్ల మీద తోటి పెన్షనర్లతో ఆయన అన్నది మాత్రం ఇది: "ఏం చేస్తామండీ, నేను లేకపోతే ఆవిడకు ఒక్క రోజు కూడా గడవదు."